వేరు బతికిన గడ్డి

గురువారం ఉదయం తొమ్మిదింబావుకు చంద్రగిరి దాటి మైదానం గేటు ముందు నా పాత మారుతి ఆపేసరికి, హరినాథ్ నాకంటే గంట ముందే వచ్చి దొంగను పట్టేసి ఉన్నాడు.

దొంగల్ని పట్టేయడం హరినాథ్‌కు కొత్త కాదు. చిత్తూరులో ఇద్దరం ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో తొమ్మిదేళ్లు క్లెయిముల విచారణ చేశాం. తగలబడిన లారీ దగ్గర నేనింకా టైర్లు చూస్తుండగానే ఆయన డ్రైవరు చేత సంతకం పెట్టించుకుని ఫైలు మూసేసేవాడు. అలా మూసిన ఫైళ్లలో మూడోవంతు మళ్లీ తెరుచుకునేవి. అప్పటికి ఆయనకు ప్రమోషన్ వచ్చేసి ఉండేది. ఇప్పుడు చెన్నైలో పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీలో భాగస్వామి. నేను తిరుపతిలో ఒక లాడ్జి మేడ మీద ఒక గదీ ఒక ఫోనూ పెట్టుకుని, పెళ్లి సంబంధాల వాకబులూ, తప్పిపోయిన యాత్రికుల వెతుకులాటా చేసుకుంటూ బతికే రేవతిని. అసూయ లేదంటే అబద్ధమే అవుతుంది.

"రా రేవతీ, టీ తాగి పోదువుగాని. పనైపోయింది" అన్నాడు నన్ను చూడగానే.

నన్ను పిలిపించింది మునస్వామి. చిత్తూరు అవతల ఆయనకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఆ గుజ్జు కొనే హాలండ్ కంపెనీ యజమానికి వాళ్ల దేశంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో వాటా ఉంది. నాలుగేళ్ల క్రితం ఆయన ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చి, లారీకీ లారీకీ మధ్య సందులో కూలీలు ఒట్టి కాళ్లతో బంతి తన్నడం చూసి అక్కడే నిలబడిపోయాడట. ఇంత పెద్ద దేశంలో బంతి తన్నితే జీతమిచ్చేవాళ్లు ఎందరున్నారని అడిగాడట. మునస్వామి వేళ్ల మీద లెక్కపెట్టి ఒక చేతితోనే ఆపేశాడు. ఆ మాట నుంచి పుట్టింది శేషాచలం ఫుట్‌బాల్ క్లబ్. ఇరవై ఇద్దరు ఆటగాళ్లు. మొదటి నెల జీతాలిచ్చేదాకా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మునస్వామి భార్య ఆ తర్వాత కూడా నమ్మలేదు.

"తోతాపురి చెట్టు నాటితే ఐదో ఏటికి గానీ కాపుకు రాదమ్మా. ఇదీ అంతే. ఐదేళ్లు నీళ్లు పోసేవాడు కావాల" అని ముందురోజు రాత్రి ఫోన్‌లో చెప్పాడు. నీళ్లు పోసేవాడు ఇవాళే వస్తున్నాడు. నాలుగు గంటలకు ఈ మైదానంలో ఒక ఆట చూసి, నచ్చితే సాయంత్రమే సంతకం పెడతాడు. అప్పుడు దక్షిణాదిలో ఎనిమిది ఊళ్లకు ఎనిమిది జట్లు, హాస్టళ్లు, డాక్టర్లు, ఐదేళ్ల జీతాలు. సంతకం పడకపోతే ఇరవై ఇద్దరూ మగ్గాల దగ్గరికీ హోటళ్ల దగ్గరికీ తిరిగి వెళతారు. గుజ్జు సీజను బాగా లేక, వచ్చే నెల జీతాలకు మునస్వామికి దారి లేదు.

ఆ ఆట జరగాల్సిన గడ్డి చచ్చిపోయింది. రెండు గోల్‌పోస్టుల ముందూ, నడిమి వలయంలోనూ ఎండుటాకు రంగుకు తిరిగింది. మిగతా చోట పచ్చగానే ఉంది. ఎవరో గడ్డిమందు కొట్టారు.

హరినాథ్‌ను పెట్టుకున్నది హాలండ్ కంపెనీ. డబ్బు పెట్టే ముందు ఇక్కడి మనుషుల బాగోగులు తెలుసుకోమని రెండు నెలల కిందటే పంపింది. టీ తాగుతూ తన కేసు చెప్పాడు. మందు కొట్టే స్ప్రేయరు మోటారు గదిలో ఉంటుంది. ఆ గదికి తాళంచెవులు మూడు. ఒకటి గడ్డి చూసుకునే కుప్పయ్య దగ్గర, ఒకటి కోచ్ శాంతయ్య దగ్గర, ఒకటి చిత్తూరులో మునస్వామి ఆఫీసు సొరుగులో. స్ప్రేయరు ఇంకా వాసన కొడుతోంది. ఖాళీ మందు డబ్బా కుప్పయ్య ఇంటి వెనక చెత్తగుంతలో దొరికింది. అల్లుడికి ఫ్యాక్టరీలో పని ఇప్పించలేదని కుప్పయ్య పోయిన నెలే మునస్వామితో గొడవపడ్డాడు. ఇదే హాలండ్ ఆయన కోసం చెన్నైలో ఇంకో క్లబ్బు కాచుకుని ఉంది.

"వాళ్లు వల వేశారు, వీడు పడ్డాడు. ఎస్సైకి చెప్పాను, నాలుగింటికి వస్తాడు" అన్నాడు.

"ఎప్పుడు కొట్టాడంటావు?"

"మంగళవారం సాయంత్రం ఆరుకు ప్రాక్టీసు అయింది. బుధవారం సెలవు. పదిన్నరకు గడ్డి రంగు మారిందని కుప్పయ్యే ఫోన్ చేసి చెప్పాడు. అంటే మంగళవారం ఆరు తర్వాత."

"కొట్టినవాడే ఫోన్ చేసి చెప్పాడా?"

"ముందుగా చెప్పినవాణ్ణి ఎవరూ అనుమానించరని."

ఈ తర్కంతో ఎవరినైనా పట్టుకోవచ్చు. చెప్తే చెప్పినందుకు దొంగ, చెప్పకపోతే చెప్పనందుకు దొంగ. నేను టీ గ్లాసు కింద పెట్టి మైదానంలోకి నడిచాను.

కుప్పయ్య రోలరు మీద కూర్చుని ఉన్నాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి. ముప్పై ఏళ్లు మామిడి అంట్లు కట్టి, ఆ చేతులతోనే నాలుగేళ్లుగా ఈ గడ్డిని సాకుతున్నాడు. మంగళవారం ఆరున్నరకు తాళం వేసి, మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే తిరుపతిలో కూతురింటికి వెళ్లాడట. బుధవారం పదిన్నరకు తిరిగొచ్చి చూస్తే ఇదీ సంగతి. సాక్ష్యం చుట్టాలే. చుట్టాల సాక్ష్యం హరినాథ్‌కు చెల్లదు.

"సంపేదానికి పెంచినానా మా దీన్ని?" అన్నాడు.

నేను గోలు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. బంగారుపాళ్యంలో మా నాయనకు మామిడితోట ఉండేది. గడ్డిమందుల సంగతి నాకు చదువు కంటే ముందే వచ్చింది. అవి రెండు రకాలు. ఒకటి ఆకు మీద పడి ఒక్క ఎండకే మాడ్చేస్తుంది, వేరు జోలికి పోదు. రెండోది ఆకులోంచి వేరుకు దిగి మెల్లగా చంపుతుంది, రంగు మారడానికే వారం పడుతుంది. ఇది మన గరికే, బెంగళూరు నుంచి తెచ్చిన మెత్తటి రకం. ఒక కుదురు పీకి చూశాను. పైన ఆకు మాడి పొడిపొడిగా రాలుతోంది. కింద వేరు తెల్లగా, గట్టిగా ఉంది. కణుపు దగ్గర ఆవగింజంత పచ్చ మొలక కూడా కనిపించింది.

ఇంకో నాలుగుచోట్ల పీకాను. అన్నిచోట్లా వేరు బతికే ఉంది. మందు కూడా పలచగా కలిపి కొట్టినట్టున్నారు. ఈ క్లబ్బును నాశనం చేయాలనుకున్నవాడు రెండు మందులూ కలిపి కొడతాడు. మొదటిది ఆటను ఆపుతుంది, రెండోది గడ్డిని పూర్తిగా తినేస్తుంది. మా జిల్లాలో గట్టు తగాదా పడ్డ ప్రతి రైతుకూ తెలిసిన విద్య అది.

హరినాథ్‌ను పిలిచి వేరు చూపించాను. ఆయన బూట్లకు దుమ్ము అంటకుండా దూరం నుంచే చూశాడు.

"చచ్చిన గడ్డి చచ్చిన గడ్డే. పోస్టుమార్టం అక్కర్లేదు" అన్నాడు.

గోలు వెనకపక్క చిన్న నారుమడి ఉంది. మైదానంలో గడ్డి లేచిపోయినచోట అతికించడానికి పెంచుకునేది. దానికి గోలు నాలుగడుగుల దూరంలోనే ఉన్నా మడిలో ఒక్క ఆకు మాడలేదు. మడి పక్కన ఒక నీలం టార్పాలిన్ పట్ట మడిచి పెట్టి ఉంది. విప్పి చూస్తే గోలు వైపు ఉండే అంచంతా మందు తుంపర్ల మరకలు.

ఆ పట్ట ఎవరు కప్పారని కుప్పయ్యను అడిగాను. బుధవారం తను వచ్చేసరికి మడి మీద కప్పి ఉందనీ, ఈ ఎండకు కప్పి పెడితే గడ్డి ఉడికిపోతుందని తనే తీసి మడిచాననీ చెప్పాడు.

"మాడిన గడ్డి మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందన్నా?"

"వేరు బతికింటే ఇరవై నాళ్లు మా. ఈ మడిలోది తెచ్చి అతికితే ఇంగా బిన్నా వస్తాది, ఇరవై నాళ్లు గూడా పట్టదు."

నాకు కోపం పోయి కుతూహలం మొదలైంది. ఎవడీ శత్రువు? గడ్డిని మాడ్చాడు, కానీ వేరు చావకుండా మందు ఎంచుకున్నాడు. మందు కొట్టే ముందు నారుమడికి దుప్పటి కప్పినట్టు పట్ట కప్పాడు. ఇవాళ్టి ఆట జరక్కూడదు, ఇరవై రోజుల తర్వాత మాత్రం మైదానం పచ్చగా ఉండాలి. పగబట్టినవాడి పని కాదిది.

పదిన్నరకు మునస్వామి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనకే కోచ్ శాంతయ్య కూడా వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, ఒకప్పుడు గుంతకల్లులో రైల్వే జట్టుకు ఆడాడు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది. హరినాథ్ తన కేసంతా మళ్లీ చెప్పాడు. మునస్వామి తల వంచుకుని విన్నాడు. విని, మా జిల్లా మనిషి ఏం చెయ్యాలో అదే చేశాడు.

"ఎస్సై గిస్సై తర్వాత. మూడు తాళాలు ఉండేది ముగ్గురి దగ్గర. నాతో సహా ముగ్గురం ఇప్పుడే కాణిపాకం పోదాం. దేవుని ముందర ప్రమాణం చేద్దాం. ఎవురు చెయ్యలేదో ఆడే తేలిపోతుంది" అన్నాడు.

కాణిపాకం వినాయకుడంటే మా వైపు కోర్టు కంటే పెద్ద కోర్టు. కోర్టులో అడ్డంగా అబద్ధమాడి గెలిచినవాడు కూడా అక్కడికి రమ్మంటే వెనకాడతాడు. తలస్నానం చేసి, తడిబట్టలతో ఆ స్వామి ముందు నిలబడి ఇచ్చిన మాట తప్పితే వంశానికే తగులుతుందని నమ్మకం. ఆ భయానికి ఎన్ని అప్పులు తీరాయో, ఎన్ని గట్లు వెనక్కి జరిగాయో నా ఉద్యోగంలో చూశాను.

హరినాథ్ నవ్వాడు. సెంటిమెంటును రిపోర్టులో రాయలేనన్నాడు. కుప్పయ్య మాత్రం రోలరు మీది నుంచి దిగి అప్పటికే తుండు భుజాన వేసుకున్నాడు. ఇప్పుడే పోదాం పదండి సామీ అన్నాడు.

శాంతయ్య కదల్లేదు.

"నేను రాలేను" అన్నాడు.

"ఏంటికి?" అన్నాడు మునస్వామి.

"ఆడ ఒకసారి మాటిచ్చి వచ్చినానప్పా. మళ్లీ ఆ గడప తొక్కలేను."

మునస్వామి ముఖం నల్లబడిపోయింది. నాలుగేళ్లుగా తన కంచం పక్కన కంచం పెట్టి అన్నం తిన్న మనిషి. ప్రమాణానికి రానివాడు ఇవాళ జట్టు దగ్గరికి రాకూడదనీ, సాయంత్రందాకా ఈ మైదానం ఆఫీసు గదిలోనే ఉండమనీ చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు. హరినాథ్ అప్పటికే ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ గేటు దాటాడు. డబ్బా దొరికింది కుప్పయ్య ఇంటి వెనక కాబట్టి దొంగ కుప్పయ్యే. ఒకసారి వేసిన కేసును మళ్లీ విప్పడం ఆయన జాతకంలో లేదు.

నాకు మాత్రం శాంతయ్య అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. ఏ మాట? ఎవరికిచ్చాడు? ఎప్పుడు?

కుప్పయ్యకు తెలుసు. పోయిన వారం సోమవారం తెల్లవారి ఐదున్నర బస్సుకు శాంతయ్య, మునిచంద్రను వెంటబెట్టుకుని వేలూరు వెళ్లాడట. సాయంత్రం వచ్చేటప్పుడు ఇద్దరి నుదుటా కుంకుమ ఉంది. కాణిపాకం ప్రసాదమని చెప్పి కుప్పయ్యకూ ఒక లడ్డు పెట్టారు.

మునిచంద్ర నగరి అబ్బాయి. ఇరవై రెండేళ్లు. ఇంట్లో అందరూ మరమగ్గాల మీద పనిచేస్తారు. ఈ జట్టులో గోల్స్ కొట్టేది అతనే. హాలండ్ ఆయన వీడియోలో చూసి ముచ్చటపడింది కూడా ఆ ఒక్క ఆటగాణ్ణే.

మా వైపు ఎవరైనా వేలూరు పోయాడంటే, చీరలకా, నగలకా అని అడగరు. ఎవరికి బాగాలేదు అని అడుగుతారు. అక్కడి పెద్దాసుపత్రి అలాంటిది. తిరుపతి డాక్టర్లు తల అడ్డంగా ఊపితేనే వేలూరు బస్సెక్కుతారు.

"దానికి ముందురోజు ఏమైందన్నా?" అని అడిగాను.

కుప్పయ్య మాడిన నడిమి వలయం వైపు చెయ్యి చూపించాడు. "ఆదివారం పొద్దన్నే అందురితో పాటే రౌండ్లు కొడతా ఉన్నాడు మా. ఈ నడిమిలోనే కూలబడినాడు. ఎండదెబ్బ అన్నారు. నేనే మూతి మీద నీళ్లు సల్లినా. లేసి నవ్వినాడు. వేలూరు పోయొచ్చినాక సారు ఆ అబ్బిని పరిగెత్తించింది నేను సూళ్లేదు. నిలబెట్టి పెనాల్టీలు కొట్టిస్తాడు, అంతే."

విషయం నాకు అర్థమైనట్టే అనిపించింది. కానీ అది ఊహ. ఊహకు ఒక కాగితమో, ఒక మనిషో తోడు లేకపోతే హరినాథ్‌కూ నాకూ తేడా ఏముంది?

పాలిథిన్ కవరులో సీలు వేసి హరినాథ్ టేబుల్ మీద పెట్టిపోయిన మందు డబ్బాను తిప్పి చూశాను. అడుగున పాకాలలోని ఒక ఎరువుల కొట్టు ముద్ర ఉంది. ఆయన దాన్ని సాక్ష్యంగా భద్రపరిచాడు గానీ చదవలేదు. నేను పాకాల చేరేసరికి పన్నెండున్నర దాటింది. కొట్టు మూసి ఉంది. యజమాని సుబ్బన్న భోజనానికి వెళ్లాడనీ, తిని పడుకుని రెండున్నరకు వస్తాడనీ పక్క కొట్టువాళ్లు చెప్పారు. రెండు గంటలు అరుగు మీద కూర్చుని ఆవులిస్తూ, నన్ను నేనే తిట్టుకున్నాను.

సుబ్బన్నకు ఆ బేరం బాగా గుర్తుంది.

"గడ్డిమందు అడిగే వాళ్లందరూ వేరు సావాల, మళ్లీ మొలవకూడదు అంటారు. ముప్పై ఏండ్లలో వేరు సావకూడదు అన్నోడు ఆయనొక్కడే. ఎంత పలచగా కలిపితే మొక్క బతుకుతుందని మూడుసార్లు అడిగినాడు" అన్నాడు.

మనిషి ఎలా ఉన్నాడని అడిగితే, మెడలో పోలీసు ఈల లాంటిది ఉందన్నాడు.

మూడూ ఇరవైకి మైదానానికి తిరిగొచ్చాను. శాంతయ్య ఆఫీసు గదిలో, ఉదయం మునస్వామి చూపించిన కుర్చీలోనే ఉన్నాడు. ఎవరో తెచ్చిన అన్నం పొట్లం విప్పకుండా పక్కన పెట్టి ఉంది. కుప్పయ్య గుమ్మం బయట కూర్చుని ఎస్సై కోసం ఎదురుచూస్తున్నాడు. పారిపోవచ్చన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు.

నేను కుర్చీ శాంతయ్య ఎదురుగా లాక్కున్నాను.

"గడ్డికి మందు కొట్టింది మీరేనా సార్?"

"నేనే" అన్నాడు. నేను ఇంకా సుబ్బన్న పేరు ఎత్తనే లేదు. "మంగళవారం కుప్పయ్య పోయినాక మొదలుపెట్టినా. ఎనిమిది లోపల అయిపోయింది. డబ్బాను ఆ గుంతలో పారేసినా. అది కుప్పయ్య మెడకు సుట్టుకుంటాదని అనుకోలేదమ్మా."

"పొద్దున ఎందుకు చెప్పలేదు?"

"దొర కారెక్కి పోయినాక చెప్దామని. ముందే చెప్తే ఏంటికని అడుగుతారు. అది చెప్పేదానికి లేదు నాకు. కుప్పయ్యను టేషనుకు పోనిస్తానా నేను?"

గుమ్మం దగ్గర కుప్పయ్య తల తిప్పి చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది.

"మీరు చెప్పొద్దు. నేను చెప్తాను. తప్పయితే ఆపండి" అన్నాను. శాంతయ్య తల వంచుకున్నాడు.

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం మునిచంద్ర మైదానంలో పడిపోయాడన్నాను. ఆయన ఆపలేదు. మర్నాడు వేలూరులో డాక్టర్లు ఏదో చెప్పారు, పూర్తి పరీక్షకు మూడు వారాల తర్వాత రమ్మన్నారు, అందాకా పరిగెత్తొద్దన్నారు. ఆపలేదు. విషయం బయటపడితే హాలండ్ ఆయన వెనక్కి పోతాడనీ, తన వల్ల ఇరవై ఒక్కమంది అన్నం పోతుందనీ మునిచంద్ర భయపడ్డాడు. ఈ ఒక్క ఆట ఆడతాను, సంతకం పడగానే మానేస్తాను అన్నాడు. మీరు ఒప్పుకోలేదు. దారిలో కాణిపాకంలో బస్సు దింపి, ఎవరికీ చెప్పనని మీచేత ప్రమాణం చేయించుకున్నాడు.

అప్పటికీ ఆపలేదు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నోరు విప్పలేరు కాబట్టి ఆటే జరగకుండా చేశారు. మూడు వారాలు వాయిదా పడితే చాలనుకున్నారు. జబ్బు ఎక్కడ సార్? కాలా, తలా?"

ఆయన చెయ్యి మెడలోని విజిల్ మీద నుంచి జరిగి ఎడమ రొమ్ము మీద ఆగింది. నోటికి ప్రమాణం ఉంది గానీ చేతికి లేదు.

ఈ మనిషి మీద నాకు ఎంత కోపం రావాలో అంత కోపమూ వచ్చింది, ఎంత గౌరవం కలగాలో అంతా కలిగింది. కుర్రాడి ప్రాణం, ఇరవై ఇద్దరి బతుకులు, దేవుడికిచ్చిన మాట, మూడింటినీ ఒకేసారి కాపాడాలని చూసి పాపం గడ్డి మీద పడ్డాడు. నిజం చెప్పేస్తే ఒక్క క్షణంలో తేలిపోయేదానికి ఇంత చుట్టుతిరుగుడు తిరిగాడు. మా జిల్లా మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు ఇది.

బయట జీపు శబ్దమైంది. ఎస్సై కాదు, హరినాథ్. ముఖం వెలిగిపోతోంది. గడియారం చూశాను, నాలుగింటికి పదిహేను నిమిషాలు తక్కువ.

"ఎస్సై దారిలో ఉన్నాడు. ఈలోగా నీకో మంచి వార్త, రేవతీ. మీ మునస్వామి గట్టెక్కాడు" అన్నాడు.

"ఎలా?"

"గడ్డి పోతే ఆట పోవాలా? పొద్దున్నే తిరుపతిలో ఒక కాలేజీ మైదానం మాట్లాడాను. ఎర్రమట్టి నేల, గట్టిగా ఉంటుంది, అయితేనేం. హాస్టల్ దగ్గర్నుంచి రెండింటికే బస్సులో తీసుకెళ్లిపోయారు. దొరకు రాత్రికి చెన్నైలో విమానం ఉంది, అందుకని మూడుంబావుకే మొదలుపెట్టించాం."

హాస్టల్ ఇక్కడికి కిలోమీటరు దూరం. బస్సు కదిలిన సంగతి ఈ గదిలో ఉన్నవాళ్లెవరికీ తెలియదు. శాంతయ్య లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"మునిచంద్ర యాడుండాడు?"

"ఇంకెక్కడ, ఆడుతున్నాడు. దొర చూడ్డానికి వచ్చిందే వాణ్ణి కదా."

"హరీ, మునస్వామికి ఫోన్ చెయ్యి. మునిచంద్రను వెంటనే బయటికి పిలిచి కూర్చోబెట్టమను" అన్నాను.

"ఎందుకు?"

"ముందు చెయ్యి. ఆ అబ్బాయికి ఒంట్లో బాగాలేదు."

"కాగితం ఉందా?"

"లేదు."

"చూసినవాళ్లున్నారా?"

కుప్పయ్య చూశాడని చెప్పాను. తను పేరు పెట్టి దొంగన్నవాణ్ణే సాక్షిగా తెస్తావా అని హరినాథ్ నవ్వాడు. వేరు తెల్లగా ఉందని పొద్దున ఒక కథ, ఇప్పుడొక కథ. నీ ఊహ కోసం సగం ఆటలో, దొర కళ్ల ముందు, వాళ్ల మంచి ఆటగాణ్ణి రోగి అని బయటికి లాగితే ఈ ఒప్పందం ఉంటుందా, అది పోతే ఎవరు జవాబు చెప్తారు, నువ్వా అని అడిగాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నా దగ్గర ఉన్నది ఒక లడ్డు, ఒక బస్సు ప్రయాణం, ఒక మనిషి గుండె మీద పెట్టుకున్న చెయ్యి. నా ఫోన్ తీసి మునస్వామికి నేనే కొట్టాను. స్విచ్ఛాఫ్. అతిథి పక్కన కూర్చున్నప్పుడు ఫోన్ ఆపేయడం ఆయనకు మర్యాద.

"గుండె జబ్బు" అన్నాడు శాంతయ్య.

హరినాథ్ తిరిగి చూశాడు.

"ఆ అబ్బికి గుండెలో కండ పెరిగింది. పరిగెత్తితే ఏ నిమిషమైనా ఆగిపోవచ్చని వేలూరులో సెప్పినారు. కాగితం నా పెట్టెలో ఉండాది. చెప్పనని దేవుని ముందర ఒట్టేసినాను. ఇప్పుడు చెప్పినాను. ఆ ఒట్టు నాకు తగలనీ, నా బిడ్డలకు తగలనీ. ఫోన్ కొట్టు సామీ."

కుప్పయ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కాణిపాకం మాట తప్పిన మనిషిని ఆయన అంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండడు.

తొమ్మిదేళ్లలో మొదటిసారి హరినాథ్ కాగితం చూపించమనలేదు. మునస్వామి నంబరు మళ్లీ కొట్టి, ఆపేసి ఉందని విని, జట్టు బస్సు డ్రైవరు గోవిందయ్యకు చేశాడు. ఒక రింగు, రెండు, ఐదు. ఆరో రింగుకు ఎత్తాడు. నేను హరినాథ్ చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. అవతల జనం అరుపులు, ఈలలు, ఎవరో రేకు డబ్బా వాయిస్తున్నారు.

"గోవిందయ్యా, మునిచంద్రను బయటికి రమ్మని చెప్పు. ఇప్పుడే."

"యాడికి రమ్మనేది మా, గోలు కొట్టినాడు మనోడు!" గోవిందయ్య సంతోషంతో కేకలేస్తున్నాడు. "ఇప్పుడే, మీరు ఫోన్ చేసినప్పుడే. సగం మైదానం ఒక్కడే పరిగెత్తి కొట్టినాడు. దొర లేసి సప్పట్లు కొడతా ఉండాడు. మనోడు సంతోసం పట్టలేక ఆడే నేల మీద పండుకునేసినాడు. పిల్లోళ్లందురూ పైన పడి ఎగరతా ఉండారు."

"లేచాడా?"

ఒక్క క్షణం అరుపులే వినిపించాయి.

"ఇంగా లేదు మా" అన్నాడు గోవిందయ్య, నవ్వుతూనే.